చెప్పవలసిన శుభవార్త

(శ్రీకాకుళమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో రెండవనాటి ఉదయమున చేసిన ప్రసంగ పాఠము)

  

 పాలకొండ, రాజాము, టెక్కలి, బొబ్బిలి, చీపురుపల్లి మొదలగు ప్రాంతములనుండి శ్రమకోర్చి విచ్చేసిన మీ యందఱ దర్శనము నాకు మిక్కిలి సంతోషము కలిగించుచున్నది. ఇది సభామర్యాదకై చెప్పెడి మాట కాదు. నిరుడు ఈ మహాసభ జరిగిన దినములలో నేను ఆసుపత్రి మంచముమీద నుంటిని. మరల మీ మొగములు చూతునో లేదో యను సందేహముతో నుంటిని.

విషయములోనికి పోవుటకు ముందు మీ క్షమను వేడవలసియున్నది. నా మాట మీకు పూర్వమువలె స్పష్టముగా వినబడదు. 'ర'కారము 'ల'కారముగా జాఱుచున్నది. 'శ, ష, స' లు మూడును ఒక్కటే యైనవి. ముప్పదియాఱు సంవత్సరములు పాఠశాలలలో తెలుగు బోధించి, ఉచ్చారణదోషమునకై యెందఱో బాలురను బెంచీమీద నిలువబెట్టినవాడను. వారిలో కొందఱు నేడు ఈ సభలోనే కూర్చుండి నన్ను వినుచున్నారు. వారు పాత పగలు మఱచి నన్ను కూర్చుండనిత్తురుగాక!

దీనికి కారణము మీలో కొందఱెఱుగుదురు, పెక్కుమంది యెఱుగరు. సంవత్సరము క్రిందట విశాఖపట్నమున శస్త్రవైద్యులు నా నాలుక యెడమప్రక్క భాగమును, మెడలోని గ్రంథులను కోసి తీసివేసిరి. నాకు వచ్చిన వ్యాధి క్యాన్సరు. మన పెద్దలు రాచపుండు అనెడిది. ఈ పేరును నిండు సభలో ఉచ్చరించుట కొందఱికి అమంగళముగా తోచవచ్చును. కాని నేను చెప్పవచ్చినది శుభవార్త. కోసిన భాగమును పరీక్షించినవారు దాని అంచులలో వ్యాధి లేదనియు, మెడనుండి తీసిన గ్రంథులలో సహితము లేదనియు వ్రాసి యిచ్చిరి. ఈ సంవత్సరములో జరిగిన పరీక్షలన్నిటిలోను వ్యాధి మరల కనబడలేదు. అన్నము తినుచున్నాను. పొలము గట్టుమీద నడచుచున్నాను. మీ యెదుట నిలిచి మాటలాడుచున్నాను.

ఈ వార్తను మిత్రులకు చెప్పుట నాకేల కష్టమయ్యెనో, అట్టి వార్తలను మనము దాచుటవలన మన యిండ్లలో ఏమి జరుగుచున్నదో, అది మీకు నివేదించుటయే నా ప్రసంగ విషయము. దీనికి నేను మా అప్ప సంగతితో ఆరంభింపవలెను.

మా అప్ప నాకంటె పదునాలుగేండ్లు పెద్దది. అమ్మ నాట్లకును కోతలకును పోవుచుండగా నన్ను చంకనెత్తుకొని పెంచినది ఆమెయే. మా యూరి ఆడువారిలో పెక్కుమందివలె ఆమెయు అడ్డపొగ త్రాగెడిది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోటిలో నుంచుకొని పీల్చుటయే అడ్డపొగ. ఇతర ప్రాంతములవారు విని నమ్మరు గాని, మన నాగావళి, వంశధార తీరములవారికి ఇది వింత కాదు. వానలో నాటు వేయునప్పుడు నిప్పు ఆఱిపోదు. సముద్రపుగాలికి నుసి కంటిలో పడదు. ఒడిలోని పసిబిడ్డమీద నిప్పురవ్వ రాలదు. పెద్దల యెదుట పొగ కనబడదు. ఇట్లు ఆ యలవాటునకు ఎవరి కారణములు వారికి కలవు. అమ్మ నోట చూచి కూతురు నేర్చుకొనుట ఆచారముగా సాగినది.

1991వ సంవత్సరమున అప్పకు అంగిలిలో పుండు లేచినది. చుట్ట కాలినదనుకొని వెన్న పూసికొన్నది. పుండు మానలేదు. ఆ యేడే ఆమె పెద్దకూతునకు సంబంధములు చూచుచుండిరి. సంక్రాంతికి నేను పోయినప్పుడు పెరటిలో బావి యొద్ద నన్ను నిలిపి, మెల్లగా, "ఒరే తమ్ముడా, నోట్లో పుండొకటి మానకుండున్నాది. ఎవలికీ సెప్పకు. గుంట పెళ్లయిపోనీ" అనెను.

నేనెవరికిని చెప్పలేదు. చదువుకొన్నవాడనై, నలుగురికి చదువు చెప్పువాడనై యుండియు చెప్పలేదు. అప్ప నన్ను నమ్మి చెప్పినదని గర్వపడితిని. వైశాఖమున పెండ్లి జరిగినది. పెండ్లినాటికే ఆమె భోజనము చేయునప్పుడు మెతుకులు ముక్కులోనికి వచ్చుచుండెను. అంగిలి తూటుపడినదని మేమెఱుగము. పిదప పట్టణమునకు తీసికొనిపోతిమి. వైద్యుడు చూచి, చాల ఆలస్యమైనదని తల యాడించెను. ఏడు నెలలలో ఆమె కాలము చేసినది. పంటినొప్పి ముదిరి పోయినదని ఊరిలో చెప్పితిమి. ఆ యబద్ధము ముప్పది సంవత్సరములు మా యింట నిలిచియున్నది.

ఇందులో నన్ను నేటికిని కలచివేయు విషయమొకటి కలదు. మా అప్పకు వచ్చిన వ్యాధి లోకమునకు క్రొత్త కాదు. 1937వ సంవత్సరముననే విశాఖపట్నపు వైద్యుడు డాక్టరు కీని గారును వారి సహచరుడును మన ప్రాంతపు చుట్టకును అంగిలి క్యాన్సరునకును గల సంబంధమును గూర్చి వ్రాసియుండిరి. 1945లో బొంబాయినుండి డాక్టరు ఖానోల్కర్, డాక్టరు సూర్యాబాయి గార్లు అదే విషయమును ప్రకటించిరి. తరువాత బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన డాక్టరు ఫాలీ మెహతా గారును, డెన్మార్కు దేశపు పండితుడు డాక్టరు పిండ్‌బోర్గ్ గారును తమ బృందముతో శ్రీకాకుళము జిల్లాకు వచ్చి, ఇల్లిల్లు తిరిగి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిరి. నేటి విజయనగరము జిల్లాలోని కొంత భాగము అప్పటికి శ్రీకాకుళములోనే యుండెను. ఆ జిల్లా యేర్పడినది 1979లో. వారు పరీక్షించినవారిలో నూటికి సుమారు 44 మంది అడ్డపొగ త్రాగువారే. ఆ ఫలితములు 1971లో అచ్చైనవి. అనగా మా అప్ప బావి యొద్ద నాతో రహస్యము చెప్పిన దినమునకు ఇరువది యేండ్ల ముందే, ఆ పుండు ఏమియో, ఎందువలన వచ్చునో, ప్రపంచమంతయు చదువదగిన గ్రంథములలో నున్నది. మా పెరటిలోనికి మాత్రము అది రాలేదు. వచ్చుటకు దారి నోటిమాట యొక్కటే. ఆ నోటిని మేము మూసితిమి.

ఆ పండితులు చూచి లెక్కించి ఊరకుండలేదు. తరువాతి సంవత్సరములలో మన శ్రీకాకుళము, కేరళములోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము, ఈ మూడు జిల్లాలలోను పొగాకు వాడు 36,000 మందికి ఇంటింటికి పోయి, బొమ్మలు చూపి, మాటలతో నచ్చచెప్పి, పొగాకు మానుడని బోధించిరి. 1986లో దాని ఫలితములు ప్రకటింపబడినవి. వినినవారిలో మానినవారు కలరు. మానినవారి నోళ్లలో మచ్చలు తగ్గుటయు కలదు. మందు కాదు, శస్త్రము కాదు, ఒక మనుష్యుడు మఱియొక మనుష్యునికి చెప్పిన మాట యింత పని చేసినది. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను.

ఇక నా సంగతి. నేను అడ్డపొగ త్రాగలేదు గాని, రాత్రి భోజనానంతరము అరుగుమీద చుట్ట లేనిదే నాకు నిద్ర పట్టెడిది కాదు. అప్పను పోగొట్టుకొని సహితము మానలేదు. నాది అందఱును త్రాగు తీరే కదా యని నన్ను నేను సమాధానపఱచుకొంటిని. నిరుడు నాలుక అంచున చిన్న పుండు కనబడినది. వాడి పన్ను గీచుకొన్నదనుకొంటిని. పదునొకండు వారములు ఎవరికిని చెప్పలేదు. మీరు నవ్వుదురో, నిట్టూర్తురో గాని, అప్పుడు మా యింటను అమ్మాయికి సంబంధము చూచుచున్నాము. అప్ప చేసిన పనినే, అప్ప చెప్పిన కారణమునకే, నేనును చేసితిని.

నన్ను పట్టుకొన్నవాడు నా బాల్యమిత్రుడు. వ్యవసాయదారుడు, ఐదవ తరగతితో చదువు మానినవాడు. చుట్టఱికము లేకున్నను మేమిద్దఱము 'బావా' అని పిలుచుకొందుము. ఒకనాడు వారింట భోజనమునకు కూర్చుంటిమి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించిరి. నేను ముట్టలేదు. ఆవఘాటు నాలుకకు తగిలిన ప్రాణము పోవునని భయము. అతడు చూచి, "ఏటి బావా, ఆవకూరంటే పడిసచ్చేవోడివి, ముట్టనేదేటి?" అనెను. నేను ఏదో చెప్పబోతిని. అతడు వినక, చేయి కడిగించి, వెలుతురులోనికి తీసికొనిపోయి, నోరు తెఱువుమని, టార్చిలైటు వేసి చూచెను. చూచి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మీ అప్ప సెప్పినప్పుడు నోరు మూసుకున్నావు. ఇప్పుడూ మూసుకుంటావేటి?" అనెను.

అప్ప సంగతి అతనికి తెలియునని నేనెఱుగను. ఊరందఱికిని తెలియునట! మాకు తెలియదని వారును, వారికి తెలియదని మేమును ముప్పదియేండ్లు నటించితిమి. మఱునాడు తెల్లవాఱు రైలులో అతడే నన్ను విశాఖపట్నము తీసికొనిపోయెను.

పుండునుండి చిన్న ముక్క తీసి పరీక్షించిరి. అది క్యాన్సరేయనియు, వ్యాధి ఇంకను చిన్నదిగా నున్నదనియు, శస్త్రచికిత్సకు లొంగునదనియు చెప్పిరి. నాలుకలో పుండు, మెడ యెందులకు కోయవలెనని నాకును నా మిత్రునికిని సందేహము కలిగెను. దానికి వైద్యుడు చెప్పిన సమాధానము మీకును ఉపయోగించును. నోటిలోని వ్యాధి మొదట మెడలోని గ్రంథులకు ప్రాకును. ప్రాకినది కొన్నాళ్లు చేతికి తగులదు. 2015లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు ఇట్టి 500 మంది రోగులనుగూర్చిన పరిశోధనను ప్రకటించిరి. కొందఱికి నోటితోపాటు మెడగ్రంథులను అప్పుడే తీసిరి. మఱికొందఱికి గ్రంథులు ఉబ్బినపిదపనే తీసిరి. మూడేండ్లకు మొదటి వర్గములో నూటికి 80 మంది జీవించియుండగా, రెండవ వర్గములో 67 మందికి కొంచె మెక్కువగా మాత్రమే యుండిరి. మన దేశపు రోగులతో మన దేశపు వైద్యులు తేల్చిన ఈ విషయము నేడు ఇతర దేశములవారికిని ప్రమాణమైనది. ఇది వినినపిదప మెడమీది గాటు నాకు భారముగా తోచలేదు.

శస్త్రచికిత్స జరిగి పది దినములైన తరువాత పరీక్షాపత్రము వచ్చినది. వైద్యుడు చదివి, నవ్వి, "అంచులు శుభ్రము, గ్రంథులు శుభ్రము" అనెను. నాకు మాట రాదు. పలకమీద "నయమైనట్లేనా?" అని వ్రాసితిని. అతడు తొందరపడలేదు. "ఇప్పుడు వ్యాధి కనబడుటలేదు. మరల వచ్చునదైనచో తఱచుగా మొదటి రెండేండ్లలోనే వచ్చును. అందుచేత పిలిచినప్పుడెల్ల రండు. చుట్ట మాత్రము ముట్టకుడు" అనెను.

అయ్యలారా! ఈ మాటను మిత్రులకు ఎట్లు చెప్పవలెను? ఇది నేను అనుకొన్నదానికంటె కష్టమైన పని. ఇంటికి వచ్చిన సాయంకాలము మా యరుగుమీద పదిపండ్రెండుమంది కూడిరి. వారందఱు అడుగునది యొక్కటే ప్రశ్న: పూర్తిగా పోయినదా? పోయినదని చెప్పినచో వారు సంతోషింతురు. కాని అది వైద్యుడు చెప్పిన మాట కాదు. రేపు మరల వచ్చినచో, నా మాట అబద్ధమగుటయే గాక, శస్త్రము చేయించుకొన్నను ప్రయోజనము లేదను నిరాశ వారిలో నాటుకొనును. ఏమో తెలియదని చెప్పినచో, చేతికి వచ్చిన మేలును తిరస్కరించినట్లగును. నేను పలక పట్టుకొని ఆలోచించుచుండగా నా రైతుమిత్రుడే అందుకొని చెప్పెను. తొలకరి పడినది, విత్తనము మొలిచినది, ఆకు పచ్చగా నున్నది, పంట యింటికి వచ్చువఱకు కాపలా కాయవలెను అని. అందఱికిని బోధపడినది. పంట యింటికి చేరలేదని తొలకరిని దాచిపెట్టు రైతు ఎవడును లేడు కదా!

ఆ రాత్రి నేను చెప్పలేకపోయినదానిని నా మిత్రులు అడుగనైనను లేదు. ఒకరు మజ్జిగ తెచ్చి గిన్నెతో నోటికందించిరి. ఒకరు ఊరి సంగతులు చెప్పి నవ్వించిరి. నా పూర్వ విద్యార్థి యొకడు, "మేష్టారూ, ఇక మీదట మేమే మీకు వల్లె వేయింతుము" అనెను. అట్లే వాడు నేటికిని ప్రతి ఆదివారమును వచ్చి, నాచేత గుణింతములు పలికించుచున్నాడు. ఇట్టివారు నాకు మందు. మఱికొందఱు సదుద్దేశముతోనే వచ్చి, తమకు తెలిసినవారెవరో ఇదే వ్యాధితో పోయిన వృత్తాంతమును సవిస్తరముగా చెప్పి, నిట్టూర్చి పోయిరి. కొందఱు గడపలోపలికి రాలేదు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే పళ్లెమున తిన్నను, ఒకే మంచమున పరుండినను రాదు. ఈ సంగతి తెలియక దూరముగా నిలిచినవారిమీద నాకు కోపము లేదు. ఎవరును వారికి చెప్పలేదు.

ఇట్టి వార్తను తమవారికి చెప్పుటకు లోకములో గొప్పవారే తడబడిరి. ఫానీ బర్నీ యను ఆంగ్ల నవలారచయిత్రికి 1811వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన పారిస్ నగరమున రొమ్ము తీసివేసిరి. మత్తుమందుతో శస్త్రచికిత్స చేయవచ్చునని లోకమునకు తెలిసినది 1846లో. ఆమె తెలివితో నుండగనే కోసిరి. ఆ సంగతిని ఇంగ్లండులోని తన యక్క ఎస్తరుకు వ్రాయుటకు ఆమెకు నెలలు పట్టినది. వ్రాసినదానిని తిరిగి చూచుకొనుటకును ధైర్యము చాలలేదు. అయినను, కథ సుఖాంతమైనది గనుక కలత చెందక చదువుమని అక్కకు ముందే చెప్పినది. ఆమె తరువాత ఇరువదియెనిమిదేండ్లకు పైగా బ్రదికి 1840లో చనిపోయినది. నాకును అప్ప యుండినచో ఇట్టి జాబు వ్రాసియుందును.

మన తెలుగువారిలో అక్కినేని నాగేశ్వరరావు గారు 2013వ సంవత్సరము అక్టోబరులో, తొంబదికి చేరువైన వయస్సున, తామే పత్రికలవారిని పిలిచి, తమకు క్యాన్సరు వచ్చినదని ధైర్యముగా చెప్పిరి. 2014 జనవరి 22వ తేదీన స్వర్గస్థులైరి. వారి ధైర్యము వ్యాధిని జయింపలేదు గదా యని మీరనవచ్చును. నిజమే. కాని ఆ నెలలలోనే వారు తమ కుమారునితోను మనుమనితోను నటించిన చిత్రమునకు తమ వంతు పని నెఱవేర్చిరి. అభిమానులు పుకార్లవలన కాక వారి నోటనే సంగతి వినిరి. ఆయుర్దాయము చెప్పుకొనుటవలన పెరుగునని నేననను. ఉన్న దినములు దాగుడుమూతలలో వ్యర్థము కాకుండునని మాత్రము అనుచున్నాను.

అప్పచెల్లెండ్రను పోగొట్టుకొన్నవారు ఏమి చేయవచ్చునో చూపినవారు డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు. వారి చెల్లెలు 1923లో క్యాన్సరుతో మరణించెను. ఆ వ్యాధిని మొదట వైద్యులు గుర్తింపలేదు. ఆ దుఃఖమును ముత్తులక్ష్మీ గారు మనసులో నుంచుకొని, 1954లో మద్రాసు అడయారులో క్యాన్సరు వైద్యాలయమును స్థాపించిరి. మన తెలుగుజిల్లాల రోగులకును ఆ వైద్యాలయము ఆశ్రయమైనది. నేను అంతవాడను కాను. చెప్పుట మాత్రము చేయగలను.

చెప్పినందువలన మా యింటికి ఏమి జరిగినదో కూడ దాచక చెప్పెదను. అమ్మాయికి నిశ్చయము కానున్న సంబంధమువారికి నేనే స్వయముగా వ్రాసితిని. వారు మర్యాదగా బదులు వ్రాసి, తరువాత మఱి మాటలాడలేదు. ఆ వారము మా యింట పొయ్యి సరిగా వెలుగలేదు. అమ్మాయి మాత్రము, "చెప్పకుండ చేసిన పెండ్లి అత్తకూతురు పెండ్లి యొక్కటి చాలును, నాయనా" అనెను. అయిదు నెలల తరువాత మఱియొక సంబంధము వచ్చినది. వరుని తండ్రికిని మొదటనే చెప్పితిని. ఆయన కొంతసేపు నేలచూపులు చూచి, "మా అమ్మయు దానితోనే పోయినది. పంటినొప్పి యని చెప్పినాము" అనెను. ఇద్దఱమును ఒకే యబద్ధము చెప్పినవారమని తెలిసి, వియ్యంకులము కాకముందే ఒకరి చేయి యొకరము పట్టుకొంటిమి. వివాహము రాబోవు మాఘమున. మీరందఱును వచ్చి ఆశీర్వదింపవలెను.

మఱియొక ఫలితము. నా సంగతి తెలిసినపిదప మా యూరిలో ముగ్గురు తమ నోళ్లు చూపించుకొనుటకు పట్టణమునకు పోయిరి. అందులో ఒక యమ్మకు అంగిలిలో తెల్లమచ్చ కనబడినది. అది యింకను వ్యాధి కాలేదు. ఆమె అడ్డపొగ మానినది. నలుబదియేండ్ల యలవాటు! మాన్పించినది నా యుపదేశము కాదు, నా తొక్కుపలుకులు.

పెద్దలారా! ప్రసంగము ముగించుటకు ముందు మూడు విన్నపములు.

మొదటిది, గుర్తులను గూర్చి. నోటిలో రెండు వారములకు మానని పుండు, తెల్లని గాని యెఱ్ఱని గాని మచ్చ, నోరు పూర్వమువలె తెఱచుకొనకుండుట, మెడలో నొప్పిలేని గడ్డ, వీనిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలెను. నొప్పి లేదని ఊరకుండరాదు. ఆరంభమున నొప్పి యుండకపోవుటయే ఈ వ్యాధి మోసము. ఇంట ముసలమ్మలు అడ్డపొగ త్రాగుచున్నచో, వారిని కోపపడక, నెలకొకసారి వెలుతురులో వారి అంగిలి చూడుడు.

రెండవది, వ్యయమును గూర్చి. డబ్బునకు భయపడి దాచువారు మనలో కలరు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1వ తేదీన మొదట ఆరంభింపబడిన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళ మొకటి. పేరు మాఱినను ఆ యేర్పాటు నేడును కలదు. క్యాన్సరు చికిత్స అందులో చేరియున్నది. అయినను రైలుఛార్జీలు, తోడుపోయినవాని కూలి, బసఖర్చు రోగియే భరింపవలెను. బీదవారు చికిత్సను నడుమ మానుట తఱచుగా ఇందువలననే. మన పోషకులు విద్యార్థి వసతిగృహమునకు ఇచ్చుచున్నట్లే, ఈ దారిఖర్చులకును ఒక చిన్న నిధి ఏర్పఱుపవలెనని కోరుచున్నాను. నా వంతుగా నా పింఛనులో ఒక నెల మొత్తమును కార్యదర్శిగారి కిచ్చియున్నాను.

మూడవది, ఈ మహాసభను గూర్చి. రాబోవు సంవత్సరము సభామండపము ప్రక్కన ఒక గదియు, ఒక దంతవైద్యుడును, ఒక దీపమును ఏర్పాటు చేయుడు. వచ్చినవారందఱును, మొదట అధ్యక్షులవారు, పిదప పోషకులు, పిదప మనమందఱమును, నోరు చూపించుకొని భోజనమునకు పోవుదము. పెద్దలు మొదట పోయినచో పిన్నలకు సిగ్గు పోవును. చికిత్స పొంది బ్రదికినవారు ఎవరైన యున్నచో, ఆ గదిలో కూర్చుండి తమ మాటను తామే చెప్పవలెను. నేను బ్రదికియున్నచో మొదటి కుర్చీ నాది.

మా అప్ప బావి యొద్ద నన్ను ఎవలికీ చెప్పవద్దన్నది. ఆమె మాట ఇన్నియేండ్లు కాపాడితిని. నేడు ఇంతమంది యెదుట దానిని మీఱితిని. ఆమె నన్ను తిట్టదని నా నమ్మకము.